తిప్పి పెట్టిన పద్దు పుస్తకం



మాది పల్నాడు. సత్తెనపల్లికి దగ్గర్లో ఒక పల్లె. నాలుగెకరాల సొంత చేను ఉంది, ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తాను. పత్తి, మిరప వేస్తాం. పొద్దున తొమ్మిదింటి దాకా చేలో ఉంటాను. ఆ తర్వాత కాళ్లు కడుక్కుని, మోటార్ సైకిలెక్కి సత్తెనపల్లి పోయి కొట్టు తలుపు తీస్తాను. విత్తనాలు, పురుగుమందులు, పిండి కట్టలు అమ్మే కొట్టు అది. ఎరువుల బస్తాను మా వైపు పిండి కట్ట అంటారు, నేనూ ఆ మాటే వాడతాను. 1999 నుంచీ రోజూ ఇదే వరస. పాతికేళ్ల పైచిలుకుగా బల్లకు ఇటు నిలబడి కొన్నదీ నేనే, అటు కూచుని అమ్మిందీ నేనే. అందుకే ఇవాళ అరువు గురించీ, అరువు రాసుకునే పద్దు పుస్తకం గురించీ మాట్లాడదామని వచ్చాను.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంతకుముందు మా తాత జొన్న, సజ్జ, కంది, ఆముదం వేసేవాడట. ఎరువంటే పెంటపోగు, విత్తనమంటే గాదెలోంచి తీసి జల్లుకునేది. చేనికి బయట నుంచి కొని తెచ్చేది దాదాపు ఏమీ లేదు. కాలువ వచ్చాక మా నల్లరేగడిలో పత్తి విరగ్గాసింది. పత్తి వెనక పురుగు వచ్చింది. పురుగు వెనక మందు వచ్చింది. మందు కొనడానికి చేతిలో డబ్బు ఉండేది పంట అమ్మినప్పుడే గనక, మందు వెనకే అరువూ వచ్చింది.

1987లో నాకు పదిహేడేళ్లు. అంతకు ముందు ఏళ్లలో తెల్లదోమ పత్తిని పీల్చేసింది. ఆ ఏడు శనగపచ్చ పురుగు పడింది. రైతులు వారానికి రెండుసార్లు కొట్టారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పురుగు చావలేదు. కాయలో తల దూర్చి, తోక బయట పెట్టి, మందు పడిన మర్నాడు కూడా తింటూనే ఉండేది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతోమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నా వయసు వాళ్లకు ఆ ఏడు పేరు చెబితే చాలు, ఇంక వివరం అక్కర్లేదు.

ఆ ఏడే మా నాన్నతో పాటు టౌన్లో కొట్టుకు వెళ్లాను. కొట్టాయన పద్దు పుస్తకం తీసి, తన వైపు పెట్టుకుని, వేలు కిందకి జరుపుతూ లెక్క చదువుతున్నాడు. మా నాన్న బల్లకు ఇవతల నిలబడ్డాడు. ఆయనకు అంకెలు వచ్చు. కానీ పుస్తకం ఆయనకు తలకిందులుగా కనపడుతోంది. ఒకసారి మెడ వంచి చూడబోయి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. అలా తొంగిచూస్తే అవతలి మనిషిని నమ్మనట్టుంటుందని సంకోచం.

"అంతేనంటావా?" అన్నాడు.

"అంతే మావా. నీ దగ్గర ఎక్కువ రాస్తానా నేను?" అన్నాడాయన.

ఆ కొట్టాయన ఎక్కువ రాశాడని నేనప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను. మా ఊరి సగం మందిని ఆదుకున్న మనిషాయన. కానీ మా నాన్న మెడ వంచి, వెనక్కి తీసుకున్నాడే, అది మాత్రం నా కళ్ల ముందు నుంచి పోలేదు. తన చేను, తన పంట, తన అప్పు. ఏం తెచ్చాడో ఎంత తెచ్చాడో తను చూసుకోవడానికి మొహమాటపడాల్సి వచ్చింది.

తర్వాత పన్నెండేళ్లకు నేనే కొట్టు పెట్టాను. మా ఆవిడ గాజులు, కొంత బ్యాంకు అప్పు, ఇంకొంత మా మేనమామ సర్దింది. ఈ వ్యాపారానికి మూడు లైసెన్సులు కావాలి. విత్తనాలకొకటి, ఎరువులకొకటి, పురుగుమందులకొకటి. మూడూ ఫ్రేము కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన గోడకు వేశాను. నేనూ రైతునే గనక రైతులు నన్ను నమ్మి వస్తారనుకున్నాను. వచ్చారు కూడా. అయితే రైతు కొట్టు పెట్టినంత మాత్రాన కొట్టుకు రైతు బుద్ధి రాదు. కొట్టుకు దాని బుద్ధే ఉంటుంది, మనం చూసుకోకపోతే మనల్ని కూడా తన దారిలో పెట్టుకుంటుంది. నన్ను అలాగే పెట్టుకుంది. ఎలాగో చెబుతాను.

యూరియా కట్ట 45 కిలోలు, ధర 266 రూపాయల 50 పైసలు. ఆ ధర ప్రభుత్వం కట్టింది. అందులో కొట్టుకు మిగిలేది పదీ పదిహేను రూపాయల మాటే. దించిన హమాలీకీ, తెచ్చిన బండికీ ఇచ్చాక చేతికేం వస్తుందో మీరే లెక్కేసుకోండి. యూరియా మీద కొట్టు నడవదు. కొట్టు నడిచేది డబ్బాల మీద, సీసాల మీద. పురుగుమందు, తెగులు మందు, టానిక్కు అనే పేరుతో వచ్చే రంగురంగుల సీసాలు, వీటి మీదే మిగులు. పైగా యూరియాకు కరువొచ్చినప్పుడు సరుకు పంపేవాళ్లు లింకు పెడతారు. ఇన్ని కట్టలు కావాలంటే ఈ టానిక్కు ఇన్ని కేసులు తీసుకోవాలంటారు. అది చట్టానికి విరుద్ధం. అయినా జరుగుతుంది. ఆ కేసులు నేను నెత్తిన పెట్టుకుని ఏం చేసుకోను? యూరియా కోసం వచ్చిన రైతు చేతిలోనే పెడతాను. ఇంకోవైపు కంపెనీల టార్గెట్లు. ఇంత అమ్మితే బంగారు నాణెం, అంత అమ్మితే బ్యాంకాక్. నేనూ ఒకసారి ఆ విమానం ఎక్కాను. తిరిగొచ్చాక మా ఆవిడ ఒక్కటే అడిగింది, "ఆ డబ్బు ఎవరి చేలోంచి వచ్చిందంటావు?" అని. నేను మాట్లాడలేదు.

పిండి కట్టల సంగతి ఇంకా దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇది ఎవరి దగ్గరున్న కాగితం మీద వాళ్లు వేసుకోగల లెక్క. ఎకరం మిరపకు శాస్త్రవేత్తలు చెప్పే మోతాదు నత్రజని 120 కిలోలు, భాస్వరం 24, పొటాష్ 48. ఒక్క డీఏపీ కట్టలో, అంటే 50 కిలోల్లో, భాస్వరం 23 కిలోలుంటుంది. ఇంక కిలోయే తక్కువ. మా వైపు పద్ధతి ఎలా ఉంటుందంటే, మొక్క నాటేటప్పుడు రెండు డీఏపీ, నెలన్నరకు 28-28 ఎరువు రెండు కట్టలు, తర్వాత పక్క చేలో ఏం వేస్తే అది. ముందు నాలుగు కట్టల్లోనే భాస్వరం 74 కిలోలు పడింది. కావలసిన దానికి మూడు రెట్లు. ఆ మిగిలింది ఎక్కడికి పోతుంది? వానకు కొట్టుకుపోయేది కాదు భాస్వరం. నేలలోనే కూచుంటుంది. ఏటేటా పేరుకుంటుంది. భాస్వరం ఎక్కువైన నేలలో మొక్కకు జింకు అందదు, ఆకు పాలిపోతుంది. రైతు ఆ ఆకు తుంచుకుని మళ్లీ మా కొట్టుకే వస్తాడు. మేం చూసి, "జింకు లోపం బాబాయ్" అని ఇంకో ప్యాకెట్టు ఇస్తాం. ఒక కట్ట ఎక్కువ అమ్మినందుకు ఇంకో సరుకు కూడా అమ్ముడుపోయింది. ఇది ఎవరూ కుట్ర పన్ని చేసింది కాదు. రైతు భయం, కొట్టు అవసరం ఒకదాన్నొకటి పట్టుకుని అలా నడిచిపోతుంటాయి.

ఈ లెక్క నాకు పుట్టుకతో వచ్చింది కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మేనేజ్ అనే జాతీయ సంస్థ ఉంది. మాలాంటి కొట్లవాళ్ల కోసం వాళ్లు 2003లో దేశీ అని ఒక డిప్లొమా పెట్టారు. వారానికో రోజు చొప్పున ఏడాది పాటు తరగతులు. నలభై దాటిన వయసులో నోటుపుస్తకం పట్టుకుని బల్ల మీద కూచున్నాను. డబ్బా మీద ఉండే త్రికోణం రంగు అర్థం, ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ, అది కూడా అప్పటిదాకా సరిగా తెలియకుండానే అమ్మానని చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. ఆ ఏడాదే మా చేను మట్టి తీసుకెళ్లి పరీక్ష చేయించాను. భాస్వరం ఎక్కువ అని వచ్చింది. మరుసటేడు ఒక్క డీఏపీ కట్టతో సరిపెట్టాను. కాపు తగ్గలేదు. ఆ సంగతి కొట్లో చెబితే మొదట్లో ఎవరూ నమ్మలేదు. "నీకు స్టాకు రాలేదా ఏంది?" అనడిగారు.

ఇక 2021 సంగతి. ఆ ఏడు మిరప బ్రహ్మాండంగా లేచింది. మొక్క ఏపుగా, పచ్చగా, చూస్తే దిష్టి తగిలేట్టుంది. నవంబరులో పూత వచ్చింది. పూతతో పాటే నల్ల తామర పురుగు వచ్చింది. అంతకు ముందు మా మిరపలో తామర పురుగు తెలుసు, ఆకు పైకి ముడుచుకుంటుంది. ఇది అలా కాదు. నేరుగా పువ్వులో దూరింది. ఒక రోజు పొద్దున్నే చేలో ఒక పువ్వు కోసి, తెల్ల కాగితం మీద దులిపాను. ఆవగింజలో నాలుగో వంతు కూడా లేని నల్ల చుక్కలు, ఇరవై దాకా ఉంటాయి, కాగితం మీద నాలుగు వైపులకూ పరిగెత్తాయి. ఇంకో పువ్వు దులిపాను. అంతే. ఇంకోటి. అంతే. పిందె కట్టకుండానే పువ్వు మాడి రాలిపోతోంది.

ఆ రెండు నెలలూ కొట్టు దగ్గర జనం ఎలా ఉండేవారంటే, తిరనాళ్లే. అందరి చేతుల్లో కవర్లు, కవర్లలో పూత. "ఏదన్నా ఇవ్వు, చచ్చేదేదన్నా ఇవ్వు." నేను ఇచ్చాను. ఒకటి పని చెయ్యలేదంటే రెండోది, రెండూ పని చెయ్యలేదంటే రెండూ కలిపి. మందు కొట్టే తైవాన్ పంపుల మోత రాత్రి ఎనిమిదింటికి కూడా చేలల్లో వినపడేది. నేను అమ్మిందే నా చేలోనూ కొట్టాను. ఎవర్నీ మోసం చెయ్యలేదు, నాకూ వేరే తెలియదు. తర్వాత శాస్త్రవేత్తలు వచ్చి చూసి చెప్పిందేమిటంటే, విచ్చలవిడిగా మందులు కొట్టకండి, దాన్ని తినే పురుగులు కూడా చచ్చి ఇది ఇంకా పెరుగుతుంది, నత్రజని తగ్గించండి, వేపనూనె వాడండి, నీలం రంగు జిగురు అట్టలు పెట్టండి అని. నీలం అట్ట చూడ్డానికి చాలా చిన్న వస్తువు. దాని మీద మిగిలేదీ తక్కువే. అప్పటికి మా కొట్లో అవి లేనే లేవు.

కొంతమంది ఆ చేలు దున్నేశారు. నేను దున్నలేదు, ఏదో కొంత వచ్చింది. ఎకరాకు ఇరవై క్వింటాళ్లు చూసిన చేలో ఆరు వచ్చాయి.

మా కొట్లో నా పేరు మీద కూడా పద్దు ఉంటుంది. మా చేనికి ఏం తీసుకెళ్లినా అందులో రాస్తాను, అది మొదటి నుంచీ ఉన్న అలవాటు. 2022 ఉగాదికి లెక్కలు కట్టేటప్పుడు ఆ పేజీ తీశాను. బాకీ పడ్డ పెద్ద ఖాతాల్లో నాదీ ఒకటి. రైతుగా నేను తీర్చలేను, కొట్టువాడిగా నేను వదులుకోలేను. అరువు సొమ్ము బరువు చేటు అంటారు మనవాళ్లు. అది ఇచ్చినవాడికీ బరువేనని ఆ రాత్రి తెలిసింది. ఎందుకంటే నేనిచ్చే అరువు నా డబ్బు కాదు. సరుకు పంపినవాళ్లు మూడు నెలలు గడువిస్తారు. ఆ గడువు దాటితే నాకూ వడ్డీ పడుతుంది. రైతు దగ్గర నుంచి నాకు డబ్బు రావడానికి ఎనిమిది నెలలు. ఆ మధ్యలో నేను తెచ్చేది కూడా నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకే.

ఆ ఉగాదికే ఇంకో సంగతి జరిగింది. నేను కల్లంలో ఉన్నాను, కాయలు ఏరిస్తున్నాను, తాలుకాయ వేరు చేయించాలి. కొట్లో మా ఆవిడ ఉంది. ఒకామె వచ్చింది. వాళ్లాయన ఆ సంక్రాంతికి ముందే జబ్బు చేసి పోయాడు. మూడెకరాల కౌలు, ఖాతా అంతా ఆయన పేరు మీదే. "వదినా, మాయన ఏమేం తెచ్చాడో చూపించు, ఎంతో కొంత కట్టి పోతా," అంది. మా ఆవిడ ఏమీ ఆలోచించలేదు. పుస్తకం తెరిచి ఆమె వైపు తిప్పి పెట్టింది.

ఆమె చదువుకున్న మనిషే. చదివింది. ఏముంది అందులో? తేదీ. "మందు 2." అంకె. "పిండి 3." అంకె. మళ్లీ "మందు 1." అంకె. అది నా చేతిరాత. ఆమె అడిగింది, "ఇది ఏ మందు? దేనికి?" మా ఆవిడ చెప్పలేకపోయింది. సాయంత్రం నేనొచ్చాక నన్నడిగింది. పుస్తకం చూశాను. నాకూ గుర్తు లేదు.

మా నాన్న ఆ రోజు మెడ వంచి చూడలేకపోయాడని బాధపడ్డాను గానీ, వంచి చూసినా ఆయనకు కనపడేది ఇదే కదా అని అప్పుడు తట్టింది.

ఆమె బాకీలో వడ్డీ తీసేశాను. అసలు కూడా విడతల మీద కట్టింది. అది గొప్పగా చెప్పుకోవడానికి చెప్పడం లేదు. మా పద్దు రాసే తీరు మారింది ఆ రోజు నుంచి, అందుకు చెబుతున్నాను. ఇప్పుడు మా పుస్తకంలో ఒక పద్దు ఇలా ఉంటుంది: తేదీ, మిరప రెండెకరాలు, నాటి 55 రోజులు, పై ముడత, ఫలానా మందు, ఫలానా బ్యాచ్ నంబరు, ఎన్ని ట్యాంకులకు, నగదు ధర ఇంత, ఉగాదికి కడితే ఇంత. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. సీజన్లో బల్ల ముందు పదిమంది ఉన్నప్పుడు రెండు నిమిషాలంటే చాలా. విసుక్కున్నవాళ్లున్నారు. కానీ రాసేటప్పుడు "దేనికి బాబాయ్?" అని అడగాల్సి వస్తుంది. అడిగితే సగంసార్లు "పక్క చేలో కొడుతున్నారు" అన్న జవాబు వస్తుంది. పక్క చేను కోసం మన చేనికి మందు ఎందుకు? అలా మాటల్లోనే ఆగిపోయిన అమ్మకాలు చాలా ఉన్నాయి. కొట్టు ఆదాయం మొదటి రెండేళ్లు తగ్గింది. తర్వాత మొండి బాకీలు కూడా తగ్గాయి. అవీ ఇవీ చూసుకుంటే నేనేం నష్టపోలేదు.

ధర రెండు రకాలుగా రాయడం గురించి కొంచెం చెప్పాలి. మా వైపు నగదు ధర వేరు, అరువు ధర వేరు. కానీ చాలా చోట్ల రైతుకు చెప్పేది అరువు ధర ఒక్కటే. వెయ్యి రూపాయల సరుకు ఎనిమిది నెలలకు, నూటికి రెండు చొప్పున, 1,160 అవుతుంది. అది ధరలో కలిసిపోతే వడ్డీ అని తెలియదు, మందు ఖరీదు అనిపిస్తుంది. విడిగా రాస్తే కనపడుతుంది. కనపడితే కొంతమంది ఇంట్లో గేదె పాల డబ్బులు తెచ్చి నగదుగా కడుతున్నారు.

ఇక్కడే కౌలు రైతు సంగతి వస్తుంది. నాకు మనసు ఎక్కువ మండేది దీని దగ్గరే. భూమి యజమాని పాసు పుస్తకం పెట్టి బ్యాంకులో పంట రుణం తీసుకుంటే ఒక పరిమితి దాకా వడ్డీ 7 శాతం. గడువులోపు కట్టేస్తే 4 శాతమే పడుతుంది. మంచి పథకం. నా నాలుగెకరాల మీద నేనూ తీసుకుంటున్నాను. కానీ నా మూడెకరాల కౌలు మీద నాకు రాదు. మా ఊళ్లో సగం పైన చేలు దున్నేది భూమి లేనివాళ్లే. కౌలు ముందే కట్టాలి, మిరప చేలకైతే మరీ. కట్టాక చేతిలో ఏముంటుంది? మా కొట్టుకొస్తారు. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. ఒకే చేను. దాని మీద 4 శాతానికి డబ్బు తీసుకున్నాయన టౌన్లో ఉంటాడు. 24 శాతానికి తీసుకున్నవాడు ఆ చేలో మందు కొడుతుంటాడు. 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, బ్యాంకు రుణం కోసం కౌలు రైతుకు పదకొండు నెలలకు కార్డు ఇస్తారు. దానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. కార్డు ఇస్తే భూమి పోతుందేమోనని భయపడి పెట్టనివాళ్లు ఎక్కువ. భూమి ఎక్కడికీ పోదని ఆ చట్టంలోనే ఉంది. ఈ ప్రసంగం వింటున్న భూమి యజమానులు ఎవరైనా ఉంటే చేతులెత్తి అడుగుతున్నాను, ఆ సంతకం పెట్టండి. మీకు పోయేదేమీ లేదు. అవతలివాడికి ఇరవై శాతం మిగులుతుంది.

వేలిముద్రల సంగతి ఒకటి చెప్పి ముందుకెళతాను. ఎరువుల కొట్లలో ఇప్పుడు మిషన్ ఉంటుంది. ఆధార్ నంబరు కొట్టి, వేలిముద్ర వేస్తేనే పిండి కట్ట బయటికి వెళుతుంది. సబ్సిడీ లెక్క తేలడానికి అది మంచిదే. కానీ అరవై దాటిన రైతు వేలు ఆ గాజు మీద పెడితే ఒక్కోసారి తీసుకోదు. బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ ఎడమచెయ్యి. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పలుపులు లాగి, కలుపు పీకి, మిరప కోసి అరిగిన వేళ్లు. "నేనే కదయ్యా నేను," అంటుంది ఒక ముసలమ్మ ప్రతిసారీ. మా ఆవిడ తడిగుడ్డతో ఆమె వేలు తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి, మళ్లీ తుడిచి పెట్టిస్తుంది. చాలాసార్లు పడుతుంది.

బిల్లు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నాకు నేర్పింది ఒక చేదు అనుభవం. ఒక ఏడాది మిరప విత్తనం ఒక కంపెనీది తెచ్చి అమ్మాను, మా చేలోనూ వేశాను. పది గ్రాముల ప్యాకెట్లు, ఖరీదు గలవి. అరవై రోజులకు చూస్తే ఒక మొక్క నిటారుగా, ఒకటి గొడుగులా. ఒకదానికి సన్నకాయ, ఒకదానికి పొట్టికాయ. కలగలుపు విత్తనం. రైతులు కొట్టు ముందుకొచ్చారు. వాళ్లలో బిల్లు ఉన్నవాళ్లు కొందరు, లేనివాళ్లు ఎక్కువ. లేకపోవడం వాళ్ల తప్పు కాదు, సీజన్లో రద్దీ అని నేనివ్వలేదు. కంపెనీ మనిషి మొదట అడిగింది బిల్లే, రెండోది ఖాళీ ప్యాకెట్. మా ఇంట్లో ఖాళీ ప్యాకెట్లు చూరులో దోపి ఉన్నాయి గనక లాట్ నంబరు దొరికింది. వ్యవసాయ శాఖ వాళ్లు వచ్చి చేలు చూశారు. చాలా నెలలు తిరిగాక కొంత పరిహారం వచ్చింది. అదీ బిల్లు ఉన్నవాళ్లకే. మిగిలినవాళ్ల మొహాలు చూడలేక కొన్నాళ్లు కొట్టు తలుపు ఆలస్యంగా తీశాను. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసు వేసింది మన తెలుగు రైతులే. హక్కు ఉంది. దాన్ని పట్టుకోవడానికి కాగితం ఉండాలి. వింటున్న రైతులకు నా మనవి ఒక్కటే, బిల్లు తీసుకోండి, ఖాళీ ప్యాకెట్ పంట అయ్యేదాకా పారెయ్యకండి. వింటున్న నా తోటి కొట్లవాళ్లకు మనవి, అడక్కుండానే ఇవ్వండి.

2025లో మిరప ధర పడిపోయింది. రెండేళ్ల ముందు క్వింటా 20 వేలు పలికిన సరుకు గుంటూరు యార్డులో అందులో సగానికి కాస్త అటూ ఇటూగా నిలబడింది. ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలని మద్దతు లెక్క కట్టింది. ఆ ధరకు కోత కూలీలు, కౌలు, మందులు పోతే మిగిలేది లేదు. ఏసీల్లో, అంటే కోల్డ్ స్టోరేజీల్లో, పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నారు, పెట్టుకోలేనివాళ్లు అమ్ముకున్నారు.

ఆ ఉగాది ముందు మా ఊరి కౌలు రైతు ఒకాయన వచ్చాడు. వరసకు బాబాయ్ అవుతాడు. బాకీలో సగానికి కొంచెం ఎక్కువ డబ్బు పైపంచెలో మూట కట్టుకుని తెచ్చాడు. కుర్చీ వేశాను. పుస్తకం తెరిచి ఆయన వైపు తిప్పాను. కళ్లజోడు తీసి పెట్టుకుని, మొదటి పద్దు నుంచి నెమ్మదిగా, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. కొట్లో ఇంకో నలుగురున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. ఒక చోట వేలు ఆపాడు.

"ఇది నువ్వొద్దన్నా నేను పట్టుకుపోయింది," అన్నాడు.

నేను ఊరుకున్నాను. ఇంకొంచెం కిందికి వెళ్లి మళ్లీ ఆగాడు.

"ఇది మాత్రం నేనడగలేదబ్బాయ్. నువ్విచ్చావు."

వంగి చూశాను. డిసెంబరులో రాసిన పద్దు. మిరప రెండెకరాలు, 110 రోజులు. దేనికి అన్న చోట ఖాళీ. ఎదురుగా ఒక టానిక్కు సీసా. యూరియాకు కరువుగా ఉన్న రోజులవి. లింకులో వచ్చిన సరుకది.

పెన్ను తీసి ఆ పద్దు కొట్టేశాను. మొత్తం మళ్లీ కూడాను. తెచ్చిన డబ్బు జమ రాశాను. మిగిలిన బాకీ అంకెల్లో వేస్తే, "అక్షరాల్లో కూడా రాయి," అన్నాడు. రాశాను. ఆయన చదువుకుని, కింద సంతకం పెట్టి, పుస్తకాన్ని తన చేత్తోనే నా వైపు తిప్పి, కళ్లజోడు జేబులో పెట్టుకుని లేచాడు.